నమ్మదగ్గ లైటు

ఫణీంద్రకి లైటు కొనడం చేతకాలేదు.

దుకాణం దొరక్క కాదు, ఏది కొనాలో తేల్చుకోలేక. తెనాలిలో అతను ఇళ్లకు ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు. ఊళ్లో ఎవరింటికి కిటికీ ఎక్కడ ఉండాలో చిటికెలో చెప్పేస్తాడు. తన సొంత హాల్లోకి సీలింగు ఫ్యాను ఎంచడానికి మాత్రం ఎండాకాలమంతా గడిచిపోయి వానలు పడ్డాయి. పెళ్లిచూపుల్లో అవతలివాళ్లే ముందు సరేనన్నారు కాబట్టి పెళ్లయింది. "మీకు వదిలేసి ఉంటే ఇంకా ఆలోచిస్తూనే ఉండేవారు" అని భార్య ఇప్పటికీ అంటుంది.

అలాంటి మనిషికి నీటి గుహలో ఈదాలని కోరిక పుట్టింది.

నల్లమల అంచున, సున్నపురాయి గుట్టల కింద, దోనెబిలం అని ఒక గుహ ఉంది. నడుచుకుంటూ పోయే గుహ కాదు. నోటి దగ్గర్నుంచే నీళ్లు. వీపుకి గాలి సిలిండర్లు కట్టుకుని, మునిగి, తాడు పట్టుకుని పోవాలి. చాలా దూరం పోయాక తెల్లగది అని ఒక చోటు వస్తుందట. కప్పు నుంచి తెల్లటి రాళ్లు సన్నగా, మల్లెమొగ్గల దండల్లా వేలాడుతూ ఉంటాయట. ఆ మాట విన్న రోజు నుంచి ఫణీంద్రకి అదే ధ్యాస. మేస్త్రీ లేకుండా, ప్లాను లేకుండా కట్టిన గదిని ఒక్కసారి కళ్లారా చూడాలని.

అక్కడ నేర్పేది బర్నబాసు మాస్టారు. భీమిలి మనిషి. నౌకాదళంలో డైవరుగా చేసి, రిటైరయ్యాక ఆ గుట్టల దగ్గర ఒక రేకుల ఇల్లు కట్టుకున్నారు. నీళ్లలో మాట్లాడటం కుదరదు కదా, సగం జీవితం అక్కడే గడిచినందుకో ఏమో, గట్టు మీద కూడా ఆయనకి మాటలు తక్కువ. ఆ లోటు ఆయన భార్య సారమ్మ తీర్చేది.

మాస్టారి దగ్గర ఒకటే పట్టింపు. పగటి వెలుతురు ఆగిపోయే చోటు దాటాలంటే శిష్యుడి ఒంటి మీద మూడు లైట్లు ఉండాలి. చేతిలో ఒకటి, భుజాల పట్టీలకి రెండు. మూడూ సొంతవి కావాలి. అరువు లైటుతో లోపలికి రానివ్వరు.

ఫణీంద్రతో పాటు చేరిన రుబీనా నంద్యాలలో పీఈటీ టీచరు. చేరిన వారంలోనే మూడు లైట్లు తెచ్చేసుకుని లోపలికి వెళ్లొచ్చేది. ఫణీంద్ర గుహ నోటి దగ్గర మడుగులోనే తిరిగేవాడు. ఈత బాగా వచ్చింది. తాడు పట్టు వచ్చింది. ఊపిరి నిదానమైంది. ఆ మడుగులోని చేపలన్నీ అతన్ని గుర్తుపట్టే స్థితికి వచ్చాయి. లైటు మాత్రం రాలేదు.

ఇద్దరూ సెలవురోజుల్లో వచ్చి మాస్టారింట్లోనే దిగేవారు. టిఫిను దగ్గర అదే మాట. "మాస్టారూ, అల్యూమినియం బాడీ మంచిదా, ప్లాస్టిక్కా?"

మాస్టారు ఉప్మా తినేవారు.

"బటన్ ఉన్నది మేలా, తిప్పేది మేలా?"

మాస్టారు ఉప్మాలో కరివేపాకు పక్కన పెట్టేవారు.

ఒకరోజు రుబీనా ఉండబట్టలేక అడిగేసింది. "అన్నా, నిజం చెప్పు. లైటు దొరకట్లేదా, భయం పోవట్లేదా?"

"భయమేముందమ్మా? వస్తువు అన్నాక చూసి కొనుక్కోవాలిగా" అన్నాడు ఫణీంద్ర. కానీ ఆ పూట ఉప్మా సగంలో వదిలేశాడు.

ఆ మాట గుచ్చుకుని, తెనాలి వెళ్లి, కళ్లు మూసుకున్నంత పని చేసి ఒక లైటు కొనుక్కొచ్చాడు. గుమ్మడికాయంత ఉంది. దానికి ఒక పిడి, మెడకి వేసుకోవడానికి పట్టా, మోయడానికి ఇంకో మనిషి కావాలేమో అన్నంత బరువు.

"ఇంతకు మించిన వెలుగు మన దేశంలో దొరకదు మాస్టారూ" అంటూ గుహ నోటి దగ్గర నిలబడి నొక్కాడు.

గుహ కప్పంతా పెళ్లిపందిరిలా వెలిగింది. లోపల నిద్రపోతున్న గబ్బిలాలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చి, సారమ్మ ఆరబెట్టిన ఎండుమిరపకాయల మీదుగా, ఆవిడ నెత్తి మీదుగా ఎగిరిపోయాయి. ఆవిడ చాట నెత్తిన పెట్టుకుని కూర్చుండిపోయింది.

మాస్టారు వంటింట్లోకి వెళ్లి గంజి గిన్నె తెచ్చారు.

"అయ్యో, అది చీరలకి పెట్టుకునే గంజి" అని సారమ్మ అరుస్తూనే ఉంది. మాస్టారు బకెట్టు నీళ్లలో ఆ గంజి కొంచెం ఒంపి కలియబెట్టారు. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి అందులో వేశారు.

"వెతుకు."

ఫణీంద్ర తన లైటు బకెట్టు మీద పెట్టి వెలిగించాడు. బకెట్టంతా తెల్లగా మెరిసిపోయింది. అంచులు కూడా కనపడనంత తెలుపు. అతను ఇంకా దగ్గరికి పెట్టాడు. తెలుపు ఇంకా పెరిగింది. ముక్కు బకెట్టులో దూర్చినా తాళంచెవి జాడ లేదు.

"దేవుడు దిగొచ్చినట్టుంది గానీ తాళంచెవి కనపడదేటి?" అంది సారమ్మ.

మాస్టారు రుబీనా వైపు చూశారు. ఆమె తన లైటు పక్కనుంచి వంచి పెట్టింది. సన్నటి కిరణం ఒకటి సూదిలా గంజినీళ్లలోకి దిగింది. అడుగున తాళంచెవి చుక్కలా మెరిసింది.

గుహ అడుగున ఒండ్రు కాలితో తగిలితే పైకి లేస్తుంది. నీళ్లు అచ్చం ఆ బకెట్టులాగే అయిపోతాయి. అది మాస్టారు చెప్పలేదు. ఫణీంద్రే గుర్తు తెచ్చుకున్నాడు. గుమ్మడికాయని మళ్లీ అట్టపెట్టెలో పెట్టేశాడు.

మరుసటి ఆదివారం ఇంకో లైటుతో దిగాడు. సన్నటి కిరణం. చేతిలో ఇమిడేంత సైజు. పైగా ఒకే బటన్‌తో రకరకాలుగా వెలుగుతుంది. ఒకసారి నొక్కితే ఎక్కువ, ఇంకోసారి తక్కువ, పట్టి ఉంచితే ఎరుపు, ఇంకా పట్టి ఉంచితే ఆపదలో ఉన్నామని తెలిపే మిణుకు. ఫణీంద్ర ఆ సంగతులన్నీ పాఠంలా అప్పజెప్పాడు.

మాస్టారు అతని చేతులకి చలినీళ్లలో వేసుకునే మందపాటి గ్లౌజులు తొడిగారు. భుజమ్మీది తువాలు తీసి కళ్లకి కట్టారు.

"వెలిగించు."

వెలిగింది.

"ఆపు."

ఆగలేదు. మిణుకుమిణుకుమంటోంది. ఇంకోసారి నొక్కాడు. ఎర్రబడింది. గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. మిణుకు ఇంకా జోరందుకుంది. గ్లౌజు వేలు బటన్ మీద ఉందో పక్కన ఉందో అతనికే తెలియడం లేదు.

"అంబులెన్సు కొన్నావా నాయనా?" అంది సారమ్మ.

తువాలు విప్పి, గ్లౌజులు తీసి నొక్కినా అది ఆగలేదు. లోపల ఏదో తాళం పడిందట, విప్పడం అతనికి చేతకాలేదు. చివరికి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశారు. మూత సందుల్లోంచి అది సాయంత్రం దాకా ఆపద ఆపద అంటూనే ఉంది.

ఫణీంద్రకి రోషం వచ్చింది. మాస్టారు గట్టు మీద కూర్చుని వల సవరించుకుంటుంటే ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"మాస్టారూ, నేను తెచ్చిన ప్రతిదాన్నీ తిప్పికొడుతున్నారు. బావుంది. మీరే చెప్పండి. నమ్మదగ్గ లైటు ఏది? పేరు చెప్పండి చాలు, కొనేస్తాను."

మాస్టారు లేచి లోపలికి వెళ్లారు. గోనెసంచి ఒకటి ఈడ్చుకొచ్చి అతని ముందు బోర్లించారు.

లైట్లు. నల్లవి, పసుపువి, ఇత్తడివి, పొడుగువి, పొట్టివి. కొన్నింటి మీద ఫణీంద్ర ఫోన్లో చూసి ముచ్చటపడ్డ పేర్లే ఉన్నాయి. అతను మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూశాడు. కళ్లు మెరిశాయి.

"వీటిలో ఏది మంచిది మాస్టారూ?"

"అన్నీ మంచివే."

"మరి సంచిలో పెట్టారేం?"

"ఆరిపోయినాయి."

"ఎక్కడ?"

మాస్టారు గడ్డంతో గుహ వైపు చూపించారు.

ఫణీంద్ర చేతిలోని ఇత్తడి లైటు మెల్లిగా కింద పెట్టాడు. "ఇవన్నీ లోపల ఉండగానే ఆరిపోయాయా?"

"ఊఁ."

"అంటే నమ్మదగ్గదంటూ ఏదీ లేదా?"

"అందుకేగా మూడు" అన్నారు మాస్టారు, మళ్లీ వల అందుకుంటూ.

ఆ వారం ఫణీంద్ర మూడు లైట్లు కొన్నాడు. సన్నటి కిరణం, గ్లౌజుతో తిప్పితే వెలిగేవి, మళ్లీ తిప్పితే ఆరేవి. ఇంకే విద్యలూ రానివి. మాస్టారు ఒక్కొక్కటీ బకెట్టులో ముంచి, తిప్పి, ఆపి, నీళ్లు చొరబడకుండా మూతకి ఉండే రబ్బరు రింగు మీద గోటితో రాసి చూసి, "రేపు పద" అన్నారు.

ఫణీంద్రకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషమో భయమో తేల్చుకోలేకపోయాడు. మామూలే కదా.

పొద్దున నీళ్లలో దిగేముందు మాస్టారు ఎన్నడూ లేనంత పెద్ద ఉపన్యాసం ఇచ్చారు.

"రుబీనా ముందు. నువ్వు మధ్య. నేను వెనకాల. రుబీనా లైటు నీకు ఎదురుగా కనపడుద్ది. నాది నీ పక్కన నేల మీద పడుద్ది. ఆ రెండూ చూసుకుంటా వెళ్లు. ఏ ఒక్కరి లైటు ఆరినా ముగ్గురం వెనక్కే. ఎంత దగ్గరికొచ్చినా వెనక్కే."

"అలాగే మాస్టారూ. ఈ బ్యాటరీ మధ్యాహ్నం దాకా వస్తుందంటారా?" అన్నాడు ఫణీంద్ర.

మునిగారు.

పగటి వెలుతురు వెనకపడింది. నీళ్లు నల్లబడ్డాయి. ఫణీంద్ర లైటు తిప్పాడు. కిరణం కర్రలా పొడుగ్గా, నిటారుగా సాగి, అవతలి గోడ మీద రూపాయి బిళ్లంత గుండ్రంగా పడింది. అంత అందమైన కిరణం అతను ఎక్కడా చూడలేదు. ఇన్నాళ్లు వెతికినందుకు ఫలితం దక్కిందనుకున్నాడు. కప్పు మీద వేసి చూశాడు. పగుళ్లలో వేసి చూశాడు. గుడ్డి చేప ఒకటి కనపడితే దాని వెంట కాసేపు పోనిచ్చాడు. మధ్యమధ్యలో లైటు తనవైపు తిప్పుకుని బ్యాటరీ చుక్క పచ్చగా ఉందో లేదో చూసుకున్నాడు. పచ్చగానే ఉంది.

ఒక మలుపు దగ్గర కప్పు నుంచి ఏనుగు తొండంలాంటి రాయి వేలాడుతోంది. దాని మీద కిరణం ఎంత చక్కగా పడిందంటే, మాస్టారికి చూపించకుండా ఉండలేకపోయాడు. వెనక్కి తిరిగాడు.

వెనకాల ఎవరూ లేరు.

చీకటి. కిరణం అటు వేశాడు, ఇటు వేశాడు. రాళ్లే ఉన్నాయి. ముందుకి తిరిగాడు. రుబీనా లైటు కూడా లేదు. గాభరాగా కాళ్లు ఆడించాడు. అడుగునున్న ఒండ్రు గుప్పున లేచింది. అంత చక్కటి కిరణం కళ్ల ముందే గంజినీళ్లయిపోయింది. తన చెయ్యి తనకే కనపడటం లేదు.

నేర్పిన పని ఒక్కటే గుర్తుంది. తాడు. తాడు చేతిలోనే ఉంది. దాన్ని వేళ్లతో తడుముకుంటూ వచ్చిన దారినే వెనక్కి జరిగాడు. అలా జరుగుతుంటే అతని చేతికి ఇంకో చెయ్యి తగిలింది.

నోట్లో గొట్టం లేకపోతే గుహ దద్దరిల్లేలా అరిచేవాడే.

ఆ చెయ్యి అతని చేతిని మెల్లిగా నొక్కింది. లైటు వెలిగింది. బర్నబాసు మాస్టారు తాడు పట్టుకుని, ఒక రాతి అరుగు మీద, బస్సు కోసం కూర్చున్న మనిషిలా నింపాదిగా కూర్చుని ఉన్నారు. ముందు వైపు మలుపు చాటున రుబీనా లైటు కూడా మసగ్గా వెలిగింది.

ముగ్గురూ గట్టు మీదికి వచ్చారు.

"నా లైటు ఎప్పుడు ఆరింది?" అని అడిగారు మాస్టారు.

"ఇప్పుడే కదా మాస్టారూ? నేను తిరిగే ముందే..."

రుబీనా నవ్వు ఆపుకోలేకపోయింది. "యాడ అన్నా? పగటి వెలుతురు దాటిన కాడ్నే ఆర్పేసినారు. నాకు ముందే చెప్పి పెట్టినారు, నీకు చెప్పొద్దని. నువ్వు చేప ఎంటబడినప్పుడు నాది కూడా ఆర్పేసినా."

ఫణీంద్ర మాస్టారి వైపు తిరిగాడు. "అయితే అంత దూరం చీకట్లో ఎలా వచ్చారు?"

"నీ లైటు ఉందిగా" అన్నారు మాస్టారు. "బావుంది. మంచి లైటు."

ఫణీంద్ర ఎప్పుడూ పొగడ్తకి అంత సిగ్గుపడలేదు.

ఆ సాయంత్రం అతను మడుగు దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. మూడు లైట్లూ పక్కన ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. సారమ్మ టీ తెచ్చి పెట్టి వెళ్లింది.

"రుబీనా అడిగిన మాట నిజమే మాస్టారూ" అన్నాడు తర్వాత, చీకటిపడుతుండగా ఆయన వచ్చి పక్కన కూర్చుంటే. "నాకు భయమే. మంచి లైటు దొరికితే భయం పోతుందనుకున్నాను."

మాస్టారు తన టీ తాగుతున్నారు. ఖాళీ గ్లాసు కింద పెట్టారు.

"నాకూ భయమే" అన్నారు. లేచి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఫణీంద్ర టిఫిను దగ్గర బ్యాటరీల సంగతి ఎత్తలేదు. చాలాసార్లు లోపలికి వెళ్లొచ్చాడు. ప్రతిసారీ ఇంకొంచెం దూరం. ఒకసారి రుబీనా, "అన్నా, ఊరికే నా కాళ్లకల్లే చూస్తా ఉండావేంది?" అని అడిగింది. "నీ కాళ్లు కాదమ్మా, నీ వెలుగు" అన్నాడు.

చివరికి తెల్లగదికి వెళ్లే రోజు వచ్చింది. ఈసారి మాస్టారు ముందు, ఫణీంద్ర మధ్య, రుబీనా వెనక.

దూరం పోయారు. ఏనుగు తొండం దాటారు. ఇరుకు సందులో పొట్ట రాతికి రాసుకుంటూ పోయారు. ఎదురుగా మాస్టారి లైటు, పక్కన నేల మీద రుబీనా వెలుగు. ఆ రెంటి మధ్యా ఫణీంద్ర నిదానంగా ఊపిరి తీసుకుంటూ కదిలాడు.

మాస్టారు ఆగారు. తన లైటుతో గోడ మీద నెమ్మదిగా సున్నా చుట్టారు. అంతా సరే అని. తర్వాత కిరణాన్ని ఎదురుగా ఉన్న రాతి ద్వారం మీద పెట్టి, పక్కకి జరిగి, ఫణీంద్రకి దారి ఇచ్చారు. ద్వారం అవతల ఏదో తెల్లగా, లేతగా మెరుస్తోంది.

ఫణీంద్ర ద్వారం మీద చెయ్యి వేశాడు.

అతని పక్కన నేల మీది వెలుగు ఆగిపోయింది.

ఆలోచించడానికి వ్యవధి లేదు. నిజానికి అతను ఆలోచించలేదు. ఎప్పుడు వెనక్కి తిరిగాడో అతనికే తెలియదు. కిరణం రుబీనా మొహం మీద పడకుండా, కళ్లు చెదరకుండా, సరిగ్గా ఆమె చేతుల మీద పడింది. ఆమె భుజం పట్టీకి ఉన్న రెండో లైటు కోసం తడుముకుంటోంది. పట్టీ మెలిపడి ఉంది. ఆమె ఊపిరి బుడగలు గబగబా పైకి పోతున్నాయి. వెలుగు పడగానే ఆమె వేళ్లు ఆగాయి, మెలిక కనపడింది, విప్పుకుంది. లైటు తిప్పింది. వెలిగింది. బుడగలు నిదానించాయి.

ఫణీంద్ర లైటును వేగంగా అటూఇటూ ఊపి మాస్టారికి సైగ చేశాడు. మాస్టారు అప్పటికే అతని భుజం దగ్గర ఉన్నారు.

ఇంక వెనక్కే. ద్వారం మూరెడు దూరంలో ఉంది. ఫణీంద్ర దాని వైపు తిరగలేదు. రుబీనాని ముందు పెట్టుకుని, ఆమె వెలుగు మీద కళ్లు పెట్టుకుని, తాడు వెంబడి బయటికొచ్చాడు.

గట్టు మీద సారమ్మ పెసరపుణుకులు వేయిస్తోంది. "చూశావా నాయనా తెల్లగది?" అని కేకేసింది.

"లేదమ్మా."

"అయ్యో! మరెందుకు నవ్వుతున్నావు?"

తను నవ్వుతున్నట్టు ఫణీంద్రకి అప్పుడే తెలిసింది.

రుబీనా ఆరిపోయిన లైటు మూత విప్పి చూసింది. రబ్బరు రింగు మీద ఒక తల వెంట్రుక. ఆ సందులోంచి నీళ్లు చేరాయి. "నాదే తప్పు అన్నా. నీ గది పోగొట్టినా" అంది.

"అది ఎక్కడికీ పోదులే" అన్నాడు ఫణీంద్ర. "ముందు తిను, చల్లారిపోతాయి."

మాస్టారు తడి తువాలు పిండుకుంటూ వచ్చి అతని పక్కన కూర్చున్నారు.

"నీ లైటు ఎలా వెలిగింది ఈవేళ?"

ఫణీంద్రకి ఎంత ఆలోచించినా ఏమీ గుర్తు రాలేదు.

"చూడలేదు మాస్టారూ" అన్నాడు.

మాస్టారు పుణుకుల పళ్లెం అతని వైపు జరిపారు.